హామ్ ఉపగ్రహాలు నిన్న మొన్నటివి కావు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో హామ్ రేడియో మీద, అంటే లైసెన్స్ తీసుకుని సరదాగా సొంత రేడియోలతో మాట్లాడుకునే మా హామ్‌ల అభిరుచి మీద, వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది, తుఫాన్లప్పుడు హామ్‌లు చేసే సాయం గురించి రాసిన భాగం ఇంకా బాగుంది. కానీ చివర్లో, ఒకే ఒక్క వాక్యంలో, ఈమధ్య హామ్‌లు ఉపగ్రహాల ద్వారా కూడా మాట్లాడుకుంటున్నారని రాసి ముగించేశారు. ఈమధ్య ఏంటండీ? మొదటి హామ్ ఉపగ్రహం ఎగిరింది 1961 డిసెంబర్ 12న. ప్రపంచపు మొట్టమొదటి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరి అప్పటికి నాలుగేళ్లే. చాలా దేశాల ప్రభుత్వాలకు సొంత ఉపగ్రహం అనే ఆలోచనే లేని రోజుల్లో, కాలిఫోర్నియాలో కొందరు హామ్‌లు ఉద్యోగాలు చేసుకుంటూ ఖాళీ వేళల్లో ఆస్కార్-1 తయారు చేశారు. డిస్కవరర్-36 అనే సైనిక ఉపగ్రహాన్ని పంపే రాకెట్‌లో, బరువు సరిపెట్టడానికి పెట్టే దిమ్మ ఒకటి ఉంటే, దాని బదులు మా పెట్టె పెట్టండి అని అడిగి ఒప్పించారు. బరువు సుమారు నాలుగున్నర కిలోలు. దాన్ని బయటికి నెట్టిన స్ప్రింగ్ కూడా మామూలు దుకాణంలో కొన్నదే.

ఆ పెట్టె చేసిన పని ఒక్కటే, 144.983 మెగాహెర్ట్జ్ మీద మోర్స్‌లో హెచ్, ఐ అనే రెండక్షరాలు పదే పదే పంపడం. పవర్ 140 మిల్లీవాట్లు, అంటే ఒక వాట్‌లో ఏడో వంతు. లోపలి వేడిని బట్టి ఆ అక్షరాల వేగం మారేలా పెట్టారు, కాబట్టి చెవితో వింటూ గడియారం చూసుకుంటే పైన ఉపగ్రహం ఎంత వేడెక్కిందో కింద ఇంట్లో కూర్చున్నవాడికి తెలిసేది. మూడు వారాల పాటు పలికింది. 28 దేశాల నుంచి 570 మందికి పైగా విన్నాం అని రిపోర్టులు పంపారు. ఇది చిన్న విషయమేమీ కాదు.

వినడం సరే, మాట్లాడటం ఎప్పుడు మొదలైంది అంటే 1965 మార్చిలో, ఆస్కార్-3తో. కింది నుంచి వచ్చిన మాటలను అందుకుని, ఇంకో ఫ్రీక్వెన్సీ మీద మళ్లీ భూమికి పంపే ట్రాన్స్‌పాండర్ అందులో ఉంది. పనిచేసింది 18 రోజులే, కానీ ఆ కొద్ది రోజుల్లోనే సుమారు వెయ్యి మంది దాన్ని వాడారు. ఇంటెల్‌శాట్ వాళ్ల మొదటి వాణిజ్య ఉపగ్రహం ఎర్లీ బర్డ్ ఎగిరింది ఆ తర్వాతి నెలలో! ఎవరికైనా అనుమానం ఉంటే తేదీలు చూసుకోవచ్చు.

వ్యాసంలోని ఆ ఒక్క మాట పట్టుకుని ఇంత పొడుగు ఉత్తరం దేనికి అని మీరు అనుకోవచ్చు. నా బాధ తేదీ గురించి మాత్రమే కాదు. ఇదంతా కొత్తది, కాబట్టి రోజురోజుకీ మెరుగవుతూ ఉంటుంది అని చదివేవాళ్లు అనుకుంటారు. అది సగమే నిజం. ఉపగ్రహాన్ని పట్టుకోవడం ఇప్పుడు ఎంతో తేలికైంది, నిజమే. పట్టుకున్నాక దాని మీద మాట్లాడుకోవడానికి దొరికే సమయం, చోటు మాత్రం చాలామందికి 1980లలో కంటే ఇప్పుడే తక్కువ. ఈ రెండో సగం ఎవరూ రాయరు.

ముందు తేలికైన సంగతి చెబుతాను. 1969లో హామ్ ఉపగ్రహాల కోసం ఆమ్‌శాట్ అనే సంస్థ ఏర్పడింది, 1972 అక్టోబర్‌లో ఏఓ-6 (ఏఓ అంటే ఆమ్‌శాట్ ఆస్కార్), 1974 నవంబర్ 15న ఏఓ-7 ఎగిరాయి. ఏఓ-6 నాలుగేళ్లకు పైగా పనిచేసింది, అంటే ఒక పాస్ (ఉపగ్రహం మన ఆకాశం మీదుగా ఒకసారి పోవడం) తప్పిపోతే జీవితంలో మళ్లీ దొరకదనే కంగారు తగ్గి, జనం స్థిమితంగా స్టేషన్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. అప్పట్లో ఇళ్లలో కంప్యూటర్లు లేవు. ఉపగ్రహం భూమధ్యరేఖను ఏ సమయంలో, ఏ రేఖాంశం దగ్గర దాటుతుందో పత్రికల్లో అచ్చు వేసేవాళ్లు, షార్ట్‌వేవ్ మీద వారం వారం చదివి వినిపించేవాళ్లు. ధ్రువం మధ్యలో ఉండేలా గీసిన మ్యాప్ మీద, కక్ష్య గీత ఉన్న పారదర్శకమైన షీటు పెట్టి తిప్పితే, మన ఊరి మీదికి ఎన్ని నిమిషాలకు వస్తుందో, ఎటు నుంచి ఎటు పోతుందో తెలిసేది. ఆస్కార్‌లొకేటర్ అనేవాళ్లు దాన్ని. ఏఓ-7కి ఒక చుట్టు సుమారు 115 నిమిషాలు, ఈలోగా భూమి తిరిగిపోతుంది కాబట్టి ప్రతి చుట్టుకీ దాని దారి దాదాపు 29 డిగ్రీలు పడమరకు జరుగుతుంది, ఆ లెక్క వేసుకుంటూ పోతే రోజంతటి పాస్‌లు ఒక కాగితం మీద తేలిపోయేవి. ఇప్పుడు ఫోన్‌లో యాప్ తెరిస్తే నిమిషాలు సెకన్లతో సహా చెబుతుంది, ఆకాశం వైపు ఫోన్ చూపిస్తే ఎక్కడుందో గీత గీసి మరీ చూపిస్తుంది. దీన్ని నేనేమీ తప్పుపట్టను, కాగితం లెక్కలు మళ్లీ రావాలని కోరుకునే రకాన్ని కూడా కాదు.

డాప్లర్ సంగతి కూడా అంతే. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోయే వస్తువు నుంచి వచ్చే సిగ్నల్, మన వైపు వస్తున్నప్పుడు పైకి, దూరమవుతున్నప్పుడు కిందికి జరుగుతుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఇది మూడు కిలోహెర్ట్జ్ అటూ ఇటూ ఉంటుంది, 435 దగ్గర పది దాకా పోతుంది. అప్పుడు ఒక చేత్తో ట్యూన్ చేస్తూ, ఇంకో చేత్తో యాంటెన్నా తిప్పుతూ, మధ్యలో అవతలివాళ్ల కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు అక్షరాలు) రాసుకుంటూ ఉండాలి. ఇప్పుడు కావాలంటే కంప్యూటరే రేడియోని నడిపిస్తుంది. అన్నట్టు ఈ డాప్లర్ అనేది హామ్‌ల సరదాతో ఆగిపోలేదు, ప్రమాదంలో చిక్కుకున్న విమానం పంపే సిగ్నల్‌ను ఉపగ్రహం ద్వారా విని, డాప్లర్ మార్పును బట్టి అదెక్కడుందో కనిపెట్టవచ్చని చూపించిన తొలి ప్రయోగాల్లో ఏఓ-6, ఏఓ-7లను వాడారు. తర్వాత వచ్చిన కోస్పాస్-సార్‌శాట్ గాలింపు వ్యవస్థకు ఆ ప్రయోగాలు దారి వేశాయి. హామ్‌ల సాయం గురించి రాసిన మీ వ్యాసంలో ఇది లేకపోవడం నాకు నిజంగా వెలితిగా అనిపించింది.

ఇక రెండో సగం. 1980 మే నెలలో ఫేజ్ 3-ఏ అనే ఉపగ్రహం ఏరియన్ రాకెట్‌తో పాటు అట్లాంటిక్‌లో పడిపోయింది. ఏళ్ల తరబడి చేసిన పని కొద్ది నిమిషాల్లో నీళ్లపాలైంది. వాళ్లు మళ్లీ మొదలుపెట్టారు, 1983 జూన్‌లో ఏఓ-10, 1988 జూన్‌లో ఏఓ-13 ఎక్కాయి. ఇవి బాగా సాగదీసిన కక్ష్యలు, దూరపు కొస దగ్గర సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తు. అంత ఎత్తులో ఉపగ్రహం నెమ్మదిగా కదులుతుంది, గంటల తరబడి ఆకాశంలో ఒకే వైపు ఉంటుంది, సగం భూగోళం దానికి కనిపిస్తూ ఉంటుంది. యాంటెన్నాని ఒకసారి తిప్పి పెట్టుకుని కూర్చుంటే ఖండాల అవతలి మనిషితో అరగంట, గంట మాట్లాడొచ్చు. పేరు, ఊరు, రేడియో, వాతావరణం అయిపోయాక కూడా సమయం మిగిలేది! ఏఓ-13 కక్ష్యను సూర్యచంద్రుల ఆకర్షణ కొద్దికొద్దిగా మార్చేసి, దగ్గరి కొస కిందికి దిగి దిగి, 1996 డిసెంబర్‌లో అది వాతావరణంలో కాలిపోయింది. ఇలా జరుగుతుందని ముందే లెక్క తేలింది, కానీ చేయగలిగిందేమీ లేదు.

దాని వారసుడిగా ఏఓ-40 2000 నవంబర్‌లో వెళ్లింది. హామ్‌లు కట్టినవాటిలో అంత పెద్దది ఇంకోటి లేదు. వెళ్లిన నెల లోపే, ఇంజన్ దగ్గర ఏదో పగిలి, కొన్నాళ్లు మూగబోయింది, కష్టపడి కొంతవరకు బతికించారు, 2004 జనవరిలో బ్యాటరీ పోయి పూర్తిగా ఆగిపోయింది. అంత డబ్బు, అన్నేళ్ల శ్రమ మళ్లీ ఎవరు పెడతారు? అలాంటి కక్ష్యలోకి ఆ తర్వాత హామ్ ఉపగ్రహం వెళ్లలేదు. సాంకేతిక పరిజ్ఞానం లేక కాదు, రాకెట్‌లో చోటు దొరక్క. ఒకప్పుడు కొత్త రాకెట్ల తొలి ప్రయాణాల్లో చవగ్గానో ఉచితంగానో చోటు దొరికేది, ఇప్పుడు కిలో లెక్కన అమ్ముతున్నారు.

ఈ ఖాళీని నింపినవే చిన్న ఎఫ్ఎం ఉపగ్రహాలు. 1993 నాటి ఏఓ-27, 2004 నాటి ఏఓ-51, 2015 తర్వాత వరసగా వచ్చిన ఫాక్స్ క్యూబ్‌శాట్లు (చిన్న పెట్టెలంత ఉపగ్రహాలు), 2002లో సౌదీ అరేబియా వాళ్లు పంపిన ఎస్ఓ-50. వీటితో పెద్ద మేలు జరిగింది, కాదనను. చేతిలో పట్టుకునే రెండు బ్యాండ్ల రేడియో, ఇంకో చేతిలో చిన్న యాగీ యాంటెన్నా ఉంటే చాలు, కొలతలు తీసుకునే స్టీలు టేపు ముక్కలతో కూడా ఆ యాగీ చేసుకోవచ్చు. ఎస్ఓ-50కి ముందు 74.4 హెర్ట్జ్ టోన్ అనే సంకేత శబ్దం పంపి పది నిమిషాల టైమర్ ఆన్ చేయాలి, తర్వాత 67 హెర్ట్జ్ టోన్‌తో 145.850 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడితే 436.795 దగ్గర అది తిరిగి వినిపిస్తుంది. రెండు దశాబ్దాలు దాటాక కూడా దాని మీద కాంటాక్టులు జరిగాయంటే కట్టినవాళ్లకు దండం పెట్టాలి.

కానీ ఎఫ్ఎం ఉపగ్రహం అంటే ఒకే మైకు ఉన్న సభ. ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, ఇద్దరు ఒకేసారి నొక్కితే బలమైన సిగ్నల్ నెగ్గుతుంది లేదా ఇద్దరి మాటా గరగర అయిపోతుంది. తక్కువ ఎత్తు ఉపగ్రహం కాబట్టి పాస్ పది నిమిషాలు, పన్నెండు నిమిషాలు. అందులో కొన్ని వేల కిలోమీటర్ల మేర ఉన్న హామ్‌లంతా దూరాలి. అందుకని ఏం జరుగుతుందంటే, కాల్‌సైన్, గ్రిడ్ స్క్వేర్ (మ్యాప్ మీద మనమున్న గడి), థాంక్యూ, తర్వాతివాళ్లు. అంతే. ఎవరితో మాట్లాడామో లాగ్‌లో ఉంటుంది, వాళ్లు ఏం మాట్లాడారో గుర్తుండదు, ఎందుకంటే ఏమీ మాట్లాడలేదు. గ్రిడ్‌లు పోగుచేసేవాళ్లకు ఇది చాలు, వాళ్ల సరదా వాళ్లది. ఈ రంగానికి కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం ఉపగ్రహ కాంటాక్ట్ అంటేనే ఇంత అనుకుంటున్నారు, అదే నా అభ్యంతరం.

పైగా వినకుండానే పంపేవాళ్లు! డౌన్‌లింక్, అంటే ఉపగ్రహం కిందికి పంపేది, వాళ్లకు వినపడదు, ఆ సంగతి వాళ్లకు పట్టదు, పవర్ పెంచి మళ్లీ మళ్లీ పిలుస్తారు, పక్కన జరుగుతున్న కాంటాక్ట్ ముక్కలైపోతుంది. ఉపగ్రహం వినిపించకపోతే బటన్ నొక్కకూడదు, ఇది మొదటి రోజు నేర్పాల్సిన విషయం. చెవిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని, పంపుతూనే మన గొంతు మనకు తిరిగి వినిపించేలా చూసుకుంటే ఈ గొడవల్లో సగం ఉండవు. ఇంకో చవకైన రేడియోనో, కంప్యూటర్‌కి గుచ్చే చిన్న రిసీవర్ డాంగిల్‌నో వినడానికి విడిగా పెట్టుకుంటే సరిపోతుంది.

లీనియర్ ట్రాన్స్‌పాండర్ల పద్ధతి వేరు. యాభై, వంద కిలోహెర్ట్జ్ వెడల్పు ముక్కను మొత్తంగా అందుకుని మొత్తంగా తిరిగి పంపుతాయి, సైడ్‌బ్యాండ్ (తక్కువ వెడల్పులో మాట పంపే పద్ధతి) మీద, మోర్స్ మీద ఒకేసారి పది జంటలు పక్కపక్కన మాట్లాడుకోవచ్చు. కాకపోతే ఉపగ్రహం పవర్ అందరికీ ఉమ్మడి. ఒకడు అవసరానికి మించి పంపితే మిగతావాళ్ల వాటా వాడికి పోతుంది. ఏఓ-7 మీదైతే ఇంకా కష్టం, బలమైన సిగ్నల్ పడగానే దాని వోల్టేజీ కుంగి అందరి గొంతులూ వణుకుతాయి.

ఈ ఏఓ-7 కథ మీ పాఠకులకు తప్పకుండా చెప్పాలి. 1981లో దాని బ్యాటరీ షార్ట్ అయి ఉపగ్రహం చచ్చిపోయింది. ఇరవై ఒక్కేళ్ల తర్వాత, 2002 జూన్ 21న, బ్రిటన్‌లో ఒక హామ్‌కి దాని బీకన్ (ఉపగ్రహం తనంతట తాను పంపే గుర్తు సిగ్నల్) వినిపించింది! షార్ట్ అయిన బ్యాటరీ ఆ ఏళ్లలో ఎప్పుడో పూర్తిగా తెగిపోయి, సోలార్ పలకల కరెంటు మళ్లీ నేరుగా సర్క్యూట్లకు అందడం మొదలైంది. అప్పటి నుంచి ఎండ ఉన్నంతసేపే పనిచేస్తుంది, భూమి నీడలోకి వెళ్లగానే ఆరిపోతుంది, బయటికి వచ్చి మళ్లీ లేస్తుంది, లేచినప్పుడు ఏ మోడ్‌లో, అంటే ఏ ఫ్రీక్వెన్సీల జతలో, లేస్తుందో దాని ఇష్టం. సుమారు 1,450 కిలోమీటర్ల ఎత్తు కాబట్టి ఒక పాస్ ఇరవై నిమిషాలు ఉంటుంది, అంచున దొరికితే దాదాపు 8,000 కిలోమీటర్ల దూరం మాట్లాడొచ్చు. 2024 నవంబర్‌కి అది పైకి వెళ్లి యాభై ఏళ్లు. దాన్ని కట్టినప్పుడు ఇంకా పుట్టని మనుషులు దాని మీద మాట్లాడుతున్నారు.

మన ఇస్రో కూడా 2005 మే 5న పీఎస్ఎల్‌వీ-సీ6 మీద, కార్టోశాట్-1తో పాటు, హామ్‌శాట్ పంపింది, హామ్‌లు దాన్ని వీఓ-52 అంటారు. అందులో ఉన్నవి రెండూ లీనియర్ ట్రాన్స్‌పాండర్లే, ఒకటి ఇక్కడ చేసినది, ఇంకోటి నెదర్లాండ్స్ విద్యార్థి చేసినది. 2014 జూలై దాకా, తొమ్మిదేళ్లకు పైగా, లోకంలోని హామ్‌లంతా దాన్ని వాడారు. వీఓ-52 అంటే ఇప్పటికీ ఇష్టంగా తలుచుకునే పాతవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. అది ఆగాక దాని స్థానంలో అలాంటిదే ఇంకోటి వెంటనే రాకపోవడం నాకు అర్థం కాని విషయం.

ఇప్పుడున్నవాటిలో లీనియర్ కావాలంటే రష్యా వాళ్ల ఆర్ఎస్-44 ఉంది. 2019 చివర్లో వెళ్లింది, ఎత్తు 1,200 నుంచి 1,500 కిలోమీటర్ల మధ్య, సిగ్నల్ గట్టిగా వస్తుంది. ఎఫ్ఎంలో ఒకటి రెండు కాంటాక్టులు అయ్యాక కొత్తవాళ్లు నేరుగా దీని మీదికి వెళ్లాలని నేను గట్టిగా చెబుతాను. కష్టమల్లా అప్‌లింక్ (మనం పైకి పంపేది), డౌన్‌లింక్ రెండూ ఒకదానికొకటి తిరగబడి ఉండటం, మనం పైకి జరిపితే కింద వినిపించేది దిగుతుంది, పైగా లోయర్ సైడ్‌బ్యాండ్‌లో పంపితే అప్పర్‌లో వినాలి. కొద్ది పాస్‌లలో చేయి అలవాటు పడుతుంది.

గంటల తరబడి మాట్లాడుకునే రోజులు ఒక చోట మాత్రం తిరిగొచ్చాయి. 2018 నవంబర్ 15న ఎగిరిన ఖతార్ ఉపగ్రహం ఎస్‌హైల్-2 మీద హామ్‌ల కోసం ట్రాన్స్‌పాండర్లు పెట్టారు, దాన్నే క్యూఓ-100 అంటాం. 25.9 డిగ్రీల తూర్పున భూస్థిర కక్ష్యలో, అంటే ఆకాశంలో ఒకే చోట కదలనట్టు ఉంటుంది, బ్రెజిల్ నుంచి థాయ్‌లాండ్ దాకా దాని పరిధిలోనే. 2.4 గిగాహెర్ట్జ్‌లో పంపాలి, 10.489 దగ్గర వినాలి, టీవీ డిష్ లాంటి డిష్‌తో కొద్ది వాట్లు చాలు. డాప్లర్ లేదు, పాస్ లేదు, తొందర లేదు. మన మాట పావు సెకను ఆలస్యంగా మనకే వినిపిస్తుంది, మొదట్లో నాలుక తడబడుతుంది. అక్కడి నియమం కూడా నాకు నచ్చింది, బీకన్ కన్నా గట్టిగా ఎవరూ వినిపించకూడదు, వినిపిస్తే లైలా అనే వ్యవస్థ వాళ్ల సిగ్నల్ మీద సైరన్ మోగిస్తుంది. సిగ్గుపడి తగ్గిస్తారు. కానీ అమెరికా ఖండాల్లో ఎక్కువ భాగానికి, జపాన్‌కి, ఆస్ట్రేలియాకి అది కనపడదు. భూమికి ఆ వైపు ఇలాంటిది ఇంకోటి వచ్చేదాకా వాళ్లకు పది నిమిషాల పాస్‌లే గతి.

మీ వ్యాసంలో, ఇంటర్నెట్ ఉండగా ఇదంతా దేనికి అనే ప్రశ్న కూడా వేసి వదిలేశారు. ఇంటర్నెట్‌లో మాట్లాడేవాడికి మధ్యలో ఏముందో తెలియాల్సిన పని లేదు. ఇక్కడ మధ్యలో ఉన్నదంతా మనమే చూసుకోవాలి, కక్ష్య, యాంటెన్నా, కేబుల్‌లో పోయే సిగ్నల్, అన్నీ. నాకు ఆ పనే ఇష్టం. ఇష్టం లేనివాళ్లు ఫోన్‌లో మాట్లాడుకుంటారు, వాళ్లతో నాకు పేచీ లేదు.

చివరిగా మీకు ఒక పని చెబుతాను, చేయగలిగిందే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో హామ్ స్టేషన్ ఉంది, 1983లో ఓవెన్ గారియట్ కొలంబియా షటిల్ నుంచి మాట్లాడినప్పుడు మొదలైన సంప్రదాయం అది. ఏరిస్ అనే కార్యక్రమం కింద వ్యోమగాములు బడి పిల్లల ప్రశ్నలకు జవాబులు చెబుతారు, ఆ వార్తలు మీరూ వేస్తుంటారు, కానీ ఎప్పుడూ అయిపోయిన మర్నాడే, ఫోటోతో. ఈసారి ముందు రోజే వేయండి, సమయంతో పాటు డౌన్‌లింక్ ఫ్రీక్వెన్సీ కూడా అచ్చు వేయండి, మామూలుగా అది 145.800 మెగాహెర్ట్జ్, ఎఫ్ఎం. మాట్లాడటానికి ఏ దేశంలోనైనా లైసెన్స్ కావాలి, కాంటాక్ట్ జరుగుతుండగా ఆ ఫ్రీక్వెన్సీ మీద ఎవరూ పంపకూడదు కూడా, వినడానికి మాత్రం అక్కడి నిబంధనలు ఒప్పుకునే ప్రతిచోటా ఒక చిన్న రిసీవర్, ఆరుబయట చోటు చాలు. పాస్ మొదట్లో సిగ్నల్ మూడు కిలోహెర్ట్జ్ పైన, చివర్లో మూడు కిందా ఉంటుందని కూడా రాయండి. ప్రశ్నలు వేసే పిల్లలు మనకు వినపడరు, పైనుంచి వచ్చే జవాబులే వినపడతాయి, ఆ సంగతి రాయకపోతే రేడియో పాడైందని మీ ఆఫీసుకి ఫోన్లు వస్తాయి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు, ఒక హామ్